ఢిల్లీలో ఓరుగల్లు జాడలు

దసరా సెలవులకు ఢిల్లీ అని ఖాయమయ్యాక, ఏమేం చూడాలో రాసి ఇమ్మని పిల్లలకు చెప్పాను. పెద్దమ్మాయి రెండు పేజీలు నింపి తెచ్చింది. చిన్నవాడు అందులో సగం కొట్టేసి, తనవి ఇంకో పేజీ చేర్చాడు. దానికి పదహారు, వాడికి పదమూడు. దానికి రాజుల గొడవలు కావాలి: ఎవరిని ఎవరు చంపారు, ఎందుకు చంపారు, ఆ సంగతి రాసినవాడు ఎవరి మనిషి. వాడికి రాళ్లు కావాలి: అంత బరువు ఎలా ఎత్తారు, ఎందుకు కూలలేదు. వాళ్ల నాన్నకు మధ్యాహ్నం గంటసేపు నిద్ర కావాలి.

ఢిల్లీలో ఏడు రాజధానులున్నాయంటారు. లెక్కపెట్టేవాళ్లను బట్టి ఆ సంఖ్య పెరుగుతుంది. టూరిస్టు బస్సు ఎక్కితే అన్నింటినీ ఒక్క రోజులో చుట్టేస్తారు. ఒక్కోచోట ముప్పావుగంట, ఫొటో, మళ్లీ బస్సు. చరిత్ర ఇష్టమున్న పిల్లలకు అంతకన్నా శిక్ష ఉండదు. అందుకని చోట్ల జాబితా పక్కన పెట్టి, ముందు ఒక ప్రశ్న ఎంచుకోండి, ఆ ప్రశ్నకు పనికొచ్చేవే చూద్దాం అన్నాను. చాలాసేపు వాదించుకుని చివరికి ఒకటి తేల్చారు. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో కాకతీయుల ఓరుగల్లు కోట పడిపోయాక అక్కణ్ణుంచి ఢిల్లీ దారి పట్టినవాళ్లు ఏమయ్యారు? అందరికీ తెలిసిన ప్రతాపరుద్రుడు ఒక్కడే కాదు, ఇంకెవరైనా ఉన్నారా అన్నది పెద్దమ్మాయి పట్టుదల.

ప్రశ్న దొరికాక ప్లాను దానంతటదే కుదురుకుంది. పాత ఢిల్లీలు దాదాపు దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకదాని తర్వాత ఒకటి లేచాయి కాబట్టి, కాలక్రమంలో వెళ్లినా ఊరంతా అటూ ఇటూ తిరగక్కర్లేదు. సోమవారం ఎర్రకోటకూ నేషనల్ మ్యూజియానికీ గాంధీ స్మృతికీ సెలవు, కుతుబ్‌కు లేదు. పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు కాబట్టి చిన్నవాడు దర్జాగా ఉచితం. ఇంకో నియమం నేను పెట్టాను. ఒక్కో రోజు పెత్తనం ఒక్కొక్కరిది. టైము చాలకపోతే ఏది వదిలేయాలో ఆ రోజు పెత్తందారే చెప్పాలి. ఏది చూడాలి అన్నదాని మీద ఈ వయసు పిల్లలు కొట్టుకోరు, ఏది వదలాలి అన్నదాని మీదే కొట్టుకుంటారు.

శనివారం, రైల్లో

విమానం చవగ్గానే దొరికేది. అయినా తెలంగాణ ఎక్స్‌ప్రెస్సే ఎక్కాం. హైదరాబాదులో తెల్లవారుజామున బయల్దేరుతుంది, కాజీపేట మీదుగా వెళ్తుంది. హనుమకొండ, ఓరుగల్లు పక్కనే. అక్కణ్ణుంచి నాగపూర్, ఇటార్సీ, ఆ తర్వాత నర్మద. బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుంటే ప్రతాపరుద్రుడు చనిపోయింది నర్మద ఒడ్డునే అని, ఆ తర్వాత ఢిల్లీ సేనలను ఎదిరించిన ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. అందులో నది పేరు సోమోద్భవ. రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం మాత్రం ఆయన తన ఇష్టంతోనే ప్రాణం వదిలాడంటుంది.

"రెంటిలో ఏది నమ్మాలి?" అంది పెద్దమ్మాయి. విలస శాసనం ఆ సంఘటన తర్వాత కొద్దికాలానికే వేసింది, కలువచేరుది 1423 నాటిది అని చెప్పాను. "వందేళ్ల తర్వాత రాసినవాళ్లకి మన రాజు లొంగిపోయి చనిపోయాడంటే నామోషీగా ఉండి ఉంటుందిలే," అని అదే తీర్పు చెప్పేసింది. ఎదుటి బెర్తు పెద్దాయన ముక్కున వేలేసుకున్నారు. వంతెన వచ్చేసరికి బాగా చీకటి పడింది. కిటికీలోంచి ఇనుప కమ్ములు తప్ప ఏమీ కనిపించలేదు. చిన్నవాడు కమ్ముల మధ్య దూరం లెక్కేస్తూ కూర్చున్నాడు.

ఆదివారం

రైలు దిగిన రోజు ఏ కోటకూ వెళ్లకూడదు. సామాను పడేసి, తిని, పడుకుని, సాయంత్రం మెట్రోలో ఇండియా గేట్‌కి వెళ్లాం. 42 మీటర్ల ఎత్తు, లట్యెన్స్ గీసిన కట్టడం, 1931లో ప్రారంభించారు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ మూడో ఆఫ్ఘన్ యుద్ధంలోనూ చనిపోయిన సైనికుల పేర్లు గోడల మీదున్నాయి. జనం విపరీతంగా ఉన్నారు. పేర్లు చదివే వీలు లేదు.

మాకు పని గేటు వెనకాల గొడుగు లాంటి మంటపంతో. ఒకప్పుడు అందులో ఐదో జార్జి విగ్రహం ఉండేది. 1968లో తీసేసి, తర్వాత ఊరికి ఉత్తరాన కొరోనేషన్ పార్కుకు చేర్చారు. చాలా ఏళ్లు ఖాళీగా ఉండి, 2022 సెప్టెంబరులో నేతాజీ విగ్రహం వచ్చింది. 28 అడుగుల నల్లరాయి. ఆ రాయి మన ఖమ్మం నుంచి వెళ్లింది. 280 టన్నుల ఏకశిలను 140 చక్రాల ట్రైలర్ మీద 1,665 కిలోమీటర్లు లాక్కెళ్లి, అక్కడ చెక్కి 65 టన్నులకు తెచ్చారు. చిన్నవాడు సైనికుల సంగతి మర్చిపోయి 140 చక్రాల బండి మలుపు ఎలా తిరుగుతుందో నేల మీద గీసి చూపించడం మొదలుపెట్టాడు. ఓరుగల్లు చుట్టుపక్కల నుంచి ఢిల్లీ చేరినవాటిలో బందీగా కాకుండా వచ్చింది ఇదేనేమో అని వాళ్ల నాన్న అన్నాడు. రాయి గురించి ఆ మాట అనొచ్చో లేదో గానీ పిల్లలు నవ్వారు.

సోమవారం, చిన్నవాడి పెత్తనం

పొద్దున ఏడింటికల్లా కుతుబ్ ఆవరణలో ఉన్నాం. ఆ వేళకి కాలేజీ బస్సులు రావు, ఎండ ఏటవాలుగా పడి చెక్కడాలు బాగా కనిపిస్తాయి. మినార్ 72.5 మీటర్లు. ఐబక్ మొదలుపెడితే ఇల్తుత్‌మిష్ పూర్తి చేశాడు. పిడుగు పడి పైభాగం దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ 1368 ప్రాంతంలో బాగు చేయించాడు. ఆ బాగుచేసిన పనివాళ్లు నాగరి లిపిలో విశ్వకర్మను తలుచుకుంటూ రాసిన అక్షరాలు మినార్ మీదున్నాయి. 1981లో లోపల తొక్కిసలాట జరిగి పిల్లలు చనిపోయినప్పటి నుంచి పైకి ఎక్కనివ్వడం లేదు.

చిన్నవాడి లోకం మాత్రం కమానులు. మసీదు ముందు పెద్ద కమానుల గోడ చూడ్డానికి కమానే. దగ్గరికెళ్లి చూస్తే రాయి మీద రాయి కొంచెం కొంచెం ముందుకు జరిపి పేర్చారు. అంటే గుడి కట్టే చేతులు కమాను ఆకారం తెచ్చాయి. ఆ మసీదుకు ఇరవై ఏడు గుళ్ల రాళ్లు వాడామని అక్కడి శాసనమే చెబుతుంది. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే అలాయ్ దర్వాజా, 1311 నాటిది. అందులో రాళ్లను వంపు కేంద్రం వైపు తిప్పి పేర్చారు, ఒకదాన్నొకటి నొక్కిపట్టుకుంటాయి. దాదాపు వందేళ్లలో పనివాళ్ల చేతులు ఏం నేర్చుకున్నాయో ఒక్క ఆవరణలో కనబడుతుంది. ఈ తేడా చూపించడానికి గైడ్ అక్కర్లేదు, రాళ్ల మధ్య గీతలు ఎటు తిరిగాయో చూస్తే చాలు.

ఇక్కడ పెద్దమ్మాయి ఆగింది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లు నుంచి ఏనుగులూ గుర్రాలూ బంగారమూ తీసుకుని ఢిల్లీ చేరాడు. మరుసటి ఏడాదే ఈ దర్వాజా. "అమ్మా, ఇది మన డబ్బుతో కట్టిందేనా?" తేదీలు పక్కపక్కనున్నాయి, అంతవరకే మనం చెప్పగలం అన్నాను. దానికి నచ్చలేదు. నోటుపుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టి, దాని కింద రెండు గీతలు కొట్టుకుంది.

ఇనుప స్తంభం చుట్టూ కంచె ఉంది. గుప్తుల కాలం నాటి ఇనుము, ఆరు టన్నుల పైచిలుకు, వానలో నిలబడి తుప్పు పట్టనిది. అందరూ అక్కడే గుమిగూడతారు గనక మేం ఎక్కువసేపు ఉండలేదు. పక్కనే మెహ్రౌలీ పార్కులో సుల్తాను బల్బన్ సమాధి ఉంది. పైకప్పు పోయింది, పూలమొక్కలు లేవు, మనుషులూ లేరు. మన దేశంలో నిలిచి ఉన్న అసలైన కమానుల్లో అన్నిటికన్నా పాతవి ఇక్కడివేనంటారు. చిన్నవాడికి కుతుబ్ కన్నా ఇదే నచ్చింది.

ఎండపొద్దు గదిలో గడిపి, నాలుగింటికి ఆటోలో తుగ్లకాబాద్ వెళ్లాం. ఈ ఒక్కచోటు కోసమైనా పిల్లల్ని ఢిల్లీ తీసుకెళ్లొచ్చని నా అభిప్రాయం. టూరిస్టు బస్సులు ఇటు పెద్దగా రావు. గియాసుద్దీన్ తుగ్లక్ 1321లో మొదలుపెట్టిన కోట, లోపల ముళ్లపొదలూ కోతులూ. గోడలు లోపలికి వాలి ఉంటాయి. అది చూడగానే ఇద్దరూ ఒకేసారి "ఖుష్ మహల్!" అన్నారు. ఓరుగల్లు కోటలోని ఖుష్ మహల్ గోడలూ ఇలాగే వాలుగా ఉంటాయి. ఓరుగల్లును సుల్తాన్‌పూర్ అని పేరు మార్చి ఏలినవాళ్లు తమ ఊరి కట్టుబడి వెంట తెచ్చుకున్నారన్నమాట. ఇది పుస్తకంలో పది పేజీలు చదివినా ఎక్కదు. రెండు గోడలూ చూసినవాడికి చెప్పక్కర్లేదు.

కోట ఎదురుగా, రోడ్డుకు అవతల, గియాసుద్దీన్ సమాధి. 1325లో బెంగాల్ దండయాత్ర నుంచి తిరిగొస్తుంటే, స్వాగతానికి కట్టిన మంటపం కూలి చనిపోయాడు. కొడుకే కూలేలా కట్టించాడని యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. పిడుగు పడిందని ఆనాటి చరిత్రకారుడు బరనీ. ఆ కొడుకే ఓరుగల్లును పడగొట్టిన ఉలుగ్ ఖాన్, తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్. లోపలున్న మూడు సమాధుల్లో ఒకటి అతనిదే అంటారు. పెద్దమ్మాయి తలుపు దగ్గరే నిలబడిపోయింది. చిన్నప్పట్నుంచీ కథల్లో శత్రువుగా విన్నవాడి సమాధి ముందు ఏం చేయాలో తోచక, బయటికొచ్చి నీళ్లు తాగింది.

మంగళవారం

కాళ్లు పీకుతున్నాయి కాబట్టి నీడపట్టు రోజు. నేషనల్ మ్యూజియంలో మొహెంజొదారో నర్తకి ముందు అందరూ అనేమాటే మేమూ అన్నాం: "ఇంత చిన్నదా!" ఎత్తు 10.5 సెంటీమీటర్లు. నాగార్జునకొండ శిల్పాలు చాలానే ఉన్నాయి, వాటి దగ్గర మేం తప్ప ఎవరూ లేరు. మ్యూజియాన్ని మొత్తం చూడాలని పెట్టుకోవద్దు. రెండు గదులు బాగా చూసి బయటపడటం మేలు. మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్లో భోజనం. పప్పు, గోంగూర, వడ్డించేవాళ్ల హడావిడి. వాళ్ల నాన్న ఆ రోజంతటిలో మెచ్చుకున్నది ఇదొక్కటే.

సాయంత్రం గాంధీ స్మృతి. 1948 జనవరి 30న ఆయన గదిలోంచి ప్రార్థన స్థలానికి నడిచిన దారిలో అడుగుల గుర్తులు అచ్చువేసి పెట్టారు. మా ప్రశ్నకు దీంతో సంబంధం లేదు. అయినా ఢిల్లీ వచ్చి ఇది చూడకుండా వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఈ ఒక్కచోట నా మాటే నెగ్గించుకున్నాను.

బుధవారం, పెద్దమ్మాయి పెత్తనం

ఇప్పుడు అసలు మనిషి సంగతి. ఓరుగల్లు కోటలో ఒక సేనాని ఉండేవాడు. అఫీఫ్ పారశీకంలో రాసిన చరిత్ర ప్రకారం, తెలంగు రాజును ఢిల్లీకి పంపితే ఆయన దారిలో చనిపోయాడు. ఆయన దగ్గర మంచి పేరున్న ఈ మనిషి సుల్తాను ముందుకు వచ్చి మతం మారాడు, మక్బూల్ అయ్యాడు. చదవడం రాయడం రాదు, తెలివికి మాత్రం సాటి లేదు. మెల్లగా ఎదిగి ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీర్, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు. బిరుదు ఖాన్-ఎ-జహాన్. ఫిరోజ్ షా నెలల తరబడి దండయాత్రల్లో ఉంటే ఢిల్లీని నడిపింది ఈ తెలుగువాడే. అసలు సుల్తాను అతనే అని ఫిరోజ్ షా అనేవాడట. కవి మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన గన్నయ సేనాని ఇతనేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ఇతని సమాధి నిజాముద్దీన్ బస్తీలో ఉంది. దర్గాకు వెళ్లే సందులో గులాబీల బుట్టలూ కబాబుల పొగా దాటుకుని, ముందు సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియాకూ కవి అమీర్ ఖుస్రోకూ దండం పెట్టుకున్నాం. ఇద్దరూ పోయింది 1325లోనే, గియాసుద్దీన్ పోయిన ఏడాదే. మాలిక్ కాఫర్ ఓరుగల్లు ముట్టడిని పారశీకంలో వర్ణించింది ఈ ఖుస్రోయే. ఆ సంగతి తెలిశాక పెద్దమ్మాయికి ఆయన మీద భక్తి కొంచెం తగ్గింది. ఎదురుగానే షాజహాన్ కూతురు జహనారా సమాధి. పైన కప్పు లేదు, రాతి మధ్యలో మట్టి, మట్టిలో గడ్డి.

అక్కణ్ణుంచి "తిలంగానీ మక్బరా" అని అడుగుతూ వెళ్లాం. కొందరు వేరే సమాధి చూపించారు, ఒకాయన అలాంటిది లేదన్నాడు. కాలాన్ మసీదు దగ్గర ఒక ముసలాయన, "ఇళ్లల్లోనే ఉంది బేటీ, మీరు దాని ముందే నిలబడ్డారు," అన్నాడు. నిజమే. తలెత్తి చూస్తే కరెంటు తీగల పైన గుమ్మటం. ఎనిమిది భుజాల కట్టడం, ఒక్కో వైపు మూడేసి కమానులు, చుట్టూ వరండా. అవి కాలక్రమంలో ఇళ్లలో కలిసిపోయాయి. కమాను కింద బట్టలు ఆరేశారు. ఢిల్లీలో ఎనిమిది భుజాల సమాధుల్లో ఇదే మొదటిదిగా లెక్క. 1368-69లో కొడుకు జూనా షా కట్టించాడు. ఆ కొడుకూ వజీరే అయ్యాడు. మేం దారి అడిగిన కాలాన్ మసీదు కట్టించిందీ అతనే.

ఎవరింట్లోకో తొంగిచూడటం మర్యాద కాదని నేను పిల్లల్ని వెనక్కి లాగాను. ఒక ఇల్లాలు మాత్రం చిన్నవాణ్ణి పిలిచి, గోడలో కలిసిన స్తంభం ముట్టుకోనిచ్చింది. "ఎక్కణ్ణుంచి వచ్చారు?" అంది. "తెలంగాణ." "అయితే మీవాడే," అంది, పొయ్యి మీద పాలు చూసుకోడానికి లోపలికెళ్తూ.

మధ్యాహ్నం తర్వాత హుమాయూన్ సమాధి. భార్య బేగా బేగం కట్టించింది. 1857లో బహదూర్ షా జఫర్ తలదాచుకుని, పట్టుబడిందీ ఇక్కడే. అందరూ నేరుగా లోపలికి నడుస్తారు. మీరు మాత్రం గేటు దాటగానే కుడిచేతి వైపు తిరగండి. ఈసా ఖాన్ సమాధి, 1547. ఎనిమిది భుజాలు, ఒక్కో వైపు మూడు కమానులు, చుట్టూ వరండా. పొద్దున ముక్కలుగా చూసినది ఇక్కడ నిండుగా ఉంది. "మన వజీర్‌ది చూసి కాపీ కొట్టారు," అన్నాడు చిన్నవాడు. అంత సూటిగా చెప్పలేం గానీ, ఆ వరసలో మొదటిది మనవాడిదే. 2024లో తెరిచిన భూగర్భ మ్యూజియం చూసే ఓపిక లేక వదిలేశాం. వదిలేయమన్నది పెత్తందారే.

గురువారం

పొద్దున ఎర్రకోట. ఎదుటి మైదానంలో రామ్‌లీలా పందిళ్లు, రావణుడి తల ఇంకా అతకలేదు. 1648లో పూర్తయిన ఈ కోట లోపల ఇవాళ కనిపించేది కొద్ది భాగమే. 1857 తర్వాత బ్రిటిషువాళ్లు చాలా మహళ్లు పడగొట్టి బ్యారక్‌లు కట్టుకున్నారు. భూమ్మీద స్వర్గమంటూ ఉంటే ఇదే అని రాసుకున్న దివాన్-ఎ-ఖాస్ నుంచి 1739లో నాదిర్ షా నెమలి సింహాసనం పట్టుకుపోయాడు. 1858లో అక్కడే చివరి మొఘల్‌ను ముద్దాయిగా నిలబెట్టారు. 1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల విచారణ జరిగిందీ ఈ కోటలోనే. ఇవన్నీ ఒక్కచోట చెబితే పిల్లలకు మొహం మొత్తుతుంది. దివాన్-ఎ-ఖాస్ ముందు కూర్చోబెట్టి జఫర్ కథ ఒక్కటే చెప్పాను. చాందినీ చౌక్‌లో జిలేబీ తిని, మెట్రోలో రెండు స్టేషన్లు దాటి ఢిల్లీ గేట్‌లో దిగాం.

ఫిరోజ్ షా కోట్లా మన వజీర్ పనిచేసిన రాజధాని. గురువారాలు ఇక్కడ జిన్నులకు అర్జీలు పెట్టుకునేవాళ్లు వస్తారు. కాగితం మీద కష్టం రాసి, అగరొత్తులు వెలిగించి, గూళ్లలో పెడతారు. మధ్యలో మెట్ల కట్టడం మీద అశోకుడి స్తంభం, పదమూడు మీటర్లు, ఏకశిల. 1356లో ఇప్పటి హర్యానాలోని తోప్రా నుంచి తెప్పించారు. అఫీఫ్ రాసిన వివరం చదివి వినిపించాను. కింద పడేటప్పుడు దెబ్బ తగలకుండా బూరుగు దూది పరుపులు పేర్చారు, రెల్లుతో, పచ్చి తోళ్లతో చుట్టారు, 42 చక్రాల బండి మీదికెక్కించారు, ఒక్కో చక్రానికి రెండేసి వందలమంది మోకులు పట్టి యమున దాకా లాగారు, అక్కణ్ణుంచి పడవల మీద.

చిన్నవాడు లేచి నిలబడ్డాడు. "నలభై రెండు చక్రాలా? ఇంజను లేకుండా?" ఖమ్మం రాయికి 140 చక్రాలు ఎందుకు కావాల్సొచ్చాయో, బరువును చక్రాలతో భాగించి, సెక్యూరిటీ విజిల్ ఊదేదాకా అక్కకు వివరిస్తూనే ఉన్నాడు. కోట్లా స్తంభం మీది అక్షరాలు ఏమిటో ఫిరోజ్ షా కొలువులో ఎవరూ చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి విప్పాకే అది అశోకుడిదని తేలింది.

శుక్రవారం, వాళ్ల నాన్న పెత్తనం

పది దాకా నిద్ర. తర్వాత పురానా ఖిల్లా, అదీ చెట్టు నీడ ఉన్నంతమేర. షేర్ షా కట్టించాడని చెప్పే షేర్ మండల్ అనే ఎర్రరాతి బురుజు అక్కడుంది. హుమాయూన్ దాన్ని గ్రంథాలయంగా వాడుకున్నాడు. 1556లో ఆ మెట్ల మీద జారిపడి చనిపోయాడు. అంతకు పదహారేళ్ల ముందు అతణ్ణి ఓడించి దేశం వదిలి పారిపోయేలా చేసింది షేర్ షానే.

"అంటే షేర్ షా పోయిన పదకొండేళ్లకి కూడా హుమాయూన్ అతని చేతిలోనే ఓడిపోయాడు," అంది పెద్దమ్మాయి.

"మెట్టు ఎత్తు ఎక్కువైతే ఎవరైనా పడతారు, అందులో గెలుపేముంది?" అన్నాడు చిన్నవాడు. నాలుగింటికి రైలుందని వాళ్ల నాన్న గుర్తుచేసేదాకా ఇద్దరూ ఆ తగాదా వదల్లేదు.